అమ్మ నరాలు 'సన్నగా' ఉన్నాయన్నారు. నరం ఉబ్బడం విన్నాం గానీ సన్నబడ్డం ఏటి?

వంశధార_గట్టు
మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. అమ్మకి 61 ఏళ్ళు. నాలుగేళ్ళుగా నడక తూలుతోంది. మొదట్లో కాలికున్న చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలిసేది కాదు. వెనక్కి తిరిగి చూస్తే వాకిట్లో ఒక చెప్పు, తులసికోట దగ్గర ఇంకో చెప్పు. ఇప్పుడు పొద్దుగూకితే గోడ పట్టుకోకుండా పెరట్లోకి వెళ్ళలేదు. మొన్న సంక్రాంతికి తలంటుకుంటూ సీకాయ పడుతుందని కళ్ళు మూసుకుంది, అంతే, గాబు పక్కన పడిపోయింది. మణికట్టు విరిగింది.

ఇప్పటికి ఐదుగురు డాక్టర్లకి చూపించాం. షుగరు నరాలన్నారు ఒకరు, షుగరే లేదు. మెడ ఎముక అరిగిందన్నారు ఇంకొకరు, ఆరు నెలలు మెడకి పట్టీ వేసుకుంది. వయసు మీద పడింది కదా అన్నారు మరొకరు. చివరికి విశాఖలో ఒక న్యూరాలజిస్టు నరాల కరెంటు పరీక్ష, నరాల స్కానింగు రెండూ రాసేరు. స్కానింగంటే కడుపుతో ఉన్నవాళ్ళకి చేసేదే, జెల్లు రాసి చేతుల మీద, కాళ్ళ మీద తిప్పేరు. రిపోర్టులో చేతుల్లో మీడియన్, అల్నార్ నరాలు, కాళ్ళల్లో టిబియల్ నరాలు రెండు వైపులా ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నాయని రాసుంది.

స్కానింగు గదిలో కుర్ర డాక్టరు "ఎక్కడా వాపు లేదండీ, బాగానే ఉంది" అని పంపించీసేరు. న్యూరాలజిస్టు మాత్రం ఆ కాగితం చూసి చాలాసేపు ఏటీ మాటాడలేదు. "ఇదే అసలు సంగతి, జన్యు పరీక్ష చెయ్యాలి" అన్నారు. బయట యాభై మంది కూర్చునున్నారు, అంతకంటే అడగలేకపోయాం. మా ఊళ్ళో నరం లావయిందంటే పెద్దరోగమేమోనని భయపడతారు. సన్నబడితే అది ఏ జబ్బు? తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

టెక్కలి_కుర్రోడు
బి12 చేయించారా? మా పెదనాన్నకి అచ్చం ఇలాగే ఉండేది, ఇంజక్షన్లతో నెల్లో లేచి తిరిగేడు.

కవిటి_కొబ్బరి
క్రియాటినిన్ చూసారా అన్నా? మా ఉద్దానంలో కాళ్ళు తిమ్మిరంటే ముందు కిడ్నీ చూస్తారు. ఎంఆర్‌ఐకి మందు ఎక్కించే ముందు కూడా క్రియాటినిన్ చూపించాలి, మర్చిపోకండి.

వంశధార_గట్టు
అన్నీ అయ్యాయి. బి12 412, క్రియాటినిన్ 0.9, షుగరు లేదు, థైరాయిడ్ లేదు. కరెంటు పరీక్షలో స్పర్శ నరాలు చేతుల్లోనూ కాళ్ళల్లోనూ అసలు పలకలేదట. కదలిక నరాలు బాగున్నాయట. అమ్మ చేతిలో బలం ఉంది, బిందె ఎత్తగలదు. ఆ బిందె ఎక్కడ పెడుతోందో కళ్ళతో చూసుకోకపోతే తెలీదు.

రిటైరు_పీఎండబ్ల్యూ
బాబూ, నేను ముప్ఫై ఏళ్ళు కుష్ఠు నివారణలో పనిచేసేను. ఆమదాలవలస, బూర్జ, పాలకొండ ఇంటింటికీ తిరిగేను. ముందు ఆ భయం తీసీయండి. ఆ జబ్బులో నరం లావవుద్ది. మోచెయ్యి వంచి, లోపలివేపు ఎముక బొడిపి పైన వేలు పెట్టి అటూ ఇటూ జరిపితే తాడులాగ తగుల్తాది. ఒక చేతికి తగుల్తాది, రెండో చేతికి తగలకపోవచ్చు. దాంతోపాటు చాలామందికి ఒంటిమీద ఎక్కడో ఒకచోట స్పర్శ లేని మచ్చ ఉంటాది. మీ అమ్మగారికి మచ్చ ఉందని మీరు రాయలేదు, నరం సన్నం, రెండువేపులా ఒకేలాగ ఉంది. ఇది అది కాదు. అయినా అదొచ్చినా భయం లేదిప్పుడు, మందు ఉచితం, నయమవుద్ది. ఊళ్ళో ఎవరైనా ఆ మాటంటే నా మాటగా చెప్పండి.

పార్వతీపురం_పాదం
రిటైరు_పీఎండబ్ల్యూ గారూ, మీలాంటివాళ్ళు మాకు దొరకలేదు. నాకు సీఎంటీ అనే వంశపారంపర్య నరాల జబ్బు. పాదం విల్లులా వంగిపోతుంది, పిక్కలు సన్నబడిపోతాయి. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మోచేతి నరం లావుగా తగిలిందని, మచ్చ ఒక్కటీ లేకపోయినా, ఏడాదిపాటు కుష్ఠు మందులు మింగించేరు. మా అక్కకి వచ్చిన సంబంధం అందుకే తప్పిపోయింది. తర్వాత ఎన్నో ఏళ్ళకి నరాల స్కానింగు చేస్తే ముంజేతిలో నరం మామూలుకి మూడింతలుంది, పై నుంచి కింద దాకా, రెండు చేతుల్లోనూ ఒకే లావు. అప్పుడు తేలింది పీఎంపీ22 జన్యువు ఒక కాపీ ఎక్కువుందని. కాబట్టి నరం కొలత ఉత్తి అంకె కాదు, మనిషి బతుకు దాని మీద ఉంటుంది. మీ అమ్మగారిది నాకు పూర్తిగా ఎదురు, అది మాత్రం చెప్పగలను.

స్కాను_గది
విజయనగరంలో రేడియాలజీ చేస్తున్నాను. అమ్మగారిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం నా పని కాదు. రిపోర్టులో మాటకి అర్థం మాత్రం చెబుతాను.

నరాన్ని అడ్డంగా చూస్తే అగరొత్తుల కట్టని చివరనుంచి చూసినట్టుంటుంది. చుట్టూ తెల్లని కాగితం, లోపల చిన్న చిన్న నల్లటి చుక్కలు. ఒక్కో చుక్క ఒక పోగుల గుత్తి. ఆ కట్ట చుట్టూ గీత గీసి వైశాల్యం కొలుస్తాం. మణికట్టు దగ్గర మీడియన్ నరం పెద్దవాళ్ళలో సుమారు 10 చదరపు మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. అంతకంటే పెరిగితే అక్కడ నరం నొక్కుకుపోతోందేమో చూస్తాం. మాకు చదువులో నేర్పింది చాలావరకు ఈ పైహద్దే. 12 వస్తే ఎర్రగీత గీస్తాం. 4 వస్తే "వాపు లేదు" అని రాసి పంపేస్తాం. మీ కుర్ర డాక్టరు చేసిందదే. ఆయన మీద కోపం పెట్టుకోకండి, నేనూ చాలాకాలం అలాగే రాసాను. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

నరంలో కదలిక పోగులూ ఉంటాయి, స్పర్శ పోగులూ ఉంటాయి. స్పర్శ పోగులు మొత్తం పోతే కట్టలో పుల్లలు తగ్గి కట్ట సన్నబడుతుంది. మీ అమ్మగారి కరెంటు పరీక్షలో స్పర్శ సున్నా, బలం బాగుంది అంటున్నారు. స్కానింగు ఆ మాటనే బొమ్మలో చూపిస్తోంది.

వంశధార_గట్టు
డాక్టరు గారూ, అగరొత్తుల కట్ట అన్నాక అర్థమైంది. మరి షుగరు ఉన్నవాళ్ళకీ స్పర్శ పోతుంది కదా, వాళ్ళ నరం కూడా సన్నబడుతుందా?

స్కాను_గది
షుగరులో సాధారణంగా పోగు చివర ముందు దెబ్బతింటుంది. అందుకే అరికాళ్ళు మొదట, చేతులు చాలా తర్వాత. నరం కొలత మామూలుగా ఉండొచ్చు, కాస్త ఉబ్బొచ్చు కూడా. మీ అమ్మగారికి చేతులూ కాళ్ళూ రెండూ ఒక్కలా పోయాయి. అలా ఉంటే పోగు చివర కాదు, మొదలు చూడాలి. వెన్నుపూసల సందుల్లో ఇటొకటి అటొకటి చిన్న గింజల్లా గాంగ్లియన్లు ఉంటాయి. స్పర్శ కణాలు అక్కడ కూర్చుంటాయి. ఒక్కో కణం నుంచి ఒక కొమ్మ కాలి వేలికి వెళ్తుంది, ఇంకో కొమ్మ వెన్నుపాములోకి వెళ్తుంది. కణం చచ్చిపోతే రెండు కొమ్మలూ ఎండిపోతాయి. అందుకే ఇలాంటివాళ్ళకి మెడ ఎంఆర్‌ఐలో వెన్నుపాము వెనకభాగంలో తెల్లటి చార కనిపించొచ్చు. పాత ఫిల్ములు ఉంటే పారేయకండి.

వైజాగు_ఎమ్మారై
ఈ అల్ట్రాసౌండు కొలతల్ని మరీ నెత్తికెత్తుకోకండి. చేసేవాడి చెయ్యి కాస్త వాలితే 6 కాస్తా 8 అవుతుంది. సన్నగా ఉన్న ముసలావిడకి నరమూ సన్నగానే ఉంటుంది. ఎంఆర్‌ఐ తియ్యండి, తేలిపోతుంది. మా సెంటర్లో నరాల ఎంఆర్‌ఐ కూడా తీస్తాం.

స్కాను_గది
చెయ్యి వాలితే మారుతుందన్నది నిజం. ఒప్పుకుంటాను. అందుకే ఒక్కచోట కొలిచి చెప్పకూడదు. మణికట్టు, ముంజేయి, మోచేతి పైన, చీలమండ, రెండు వైపులా కొలవాలి. అన్నిచోట్లా తక్కువొస్తే అది చేతి పొరపాటు కాదు. వయసు, ఒడ్డూ పొడుగూ కూడా చూసుకోవాలి, మీరన్నది సబబే. కానీ ఎంఆర్‌ఐతో తేలిపోతుందన్నది ఒప్పుకోను. ఏ ప్రశ్నకి ఏ స్కానింగు అన్నది ముఖ్యం. చేతి నరం సన్నబడిందా అంటే ఖర్చు తక్కువలో అల్ట్రాసౌండే బాగా చెబుతుంది. చిన్నమెదడు కుంచించుకుందా అంటే ఎంఆర్‌ఐ కావాలి.

బొబ్బిలి_వీణమ్మ
రెండ్రోజులుగా చదువుతున్నాను. ఒక్క మాట అడుగుతాను తమ్ముడూ. మీ అమ్మకి దగ్గుందా? కఫం లేని పొడిదగ్గు, ఏళ్ళ తరబడి?

వంశధార_గట్టు
అక్కా, ఒళ్ళు జలదరించింది. ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. చిన్నప్పుడు అరసవల్లి రథసప్తమి జనంలో అమ్మ తప్పిపోతే దగ్గు వినే వెతుక్కున్నాం. టీబీ అని ఒకసారి ఆరు నెలలు మందులు వాడించేరు, కళ్ళెలో ఎప్పుడూ ఏటీ దొరకలేదు. ఆస్తమా అని పీల్చే మందు ఇచ్చేరు. గ్యాసన్నారు. ఆ దగ్గుకీ నరాలకీ సంబంధమేటి? ఎవరికీ దగ్గు సంగతి చెప్పనేలేదు, అదొక జబ్బని మేం అనుకోలేదు.

బొబ్బిలి_వీణమ్మ
సంబంధముంది. నాకూ మా అన్నయ్యకీ ఉన్న జబ్బు పేరు కాన్వాస్. పొడుగు పేరుకి పొట్టి పేరు. చిన్నమెదడు, స్పర్శ నరాలు, చెవిలోపలి తూకపు భాగం, మూడూ మెల్లగా పోతాయి. 2011లో ఆ పేరు పెట్టేరు, 2019లో జన్యువు దొరికింది, ఆర్‌ఎఫ్‌సీ1 అంటారు. చాలామందికి నడక తూలడానికి పది, ఇరవై, ముప్ఫై ఏళ్ళ ముందే పొడిదగ్గు మొదలవుతుంది. నాకు ఇరవయ్యారేళ్ళప్పుడు వచ్చింది దగ్గు, తూలు యాభైలో. నేను వీణ నేర్పేదాన్ని. తీగ మీద వేలు ఎక్కడుందో వేలికి తెలియకుండా పోయింది. పిల్లలు "టీచరుగారూ, అపస్వరం" అంటే మొదట వాళ్ళని కోప్పడ్డాను. తప్పు వాళ్ళది కాదు.

మీ అమ్మకి ఇంకోటి కూడా చూడండి. బస్సులో కూర్చుంటే బయట బోర్డులు చదవగలుగుతోందా? నడుస్తుంటే ఎదురుగా ఉన్నవి ఊగినట్టు కనిపిస్తున్నాయా?

వంశధార_గట్టు
ఇప్పుడే అడిగేను. "ఆగి చూస్తే కనిపిస్తాది, నడుస్తుంటే మనుషుల మొకాలు అలుక్కుపోతాయి" అంది. కళ్ళజోడు మూడుసార్లు మార్చేం. కళ్ళ డాక్టరు కళ్ళు బాగున్నాయంటారు, ఈవిడ కనపడ్డం లేదంటుంది. మేం ఈవిడే పేచీ పెడుతోందనుకున్నాం. అమ్మ ఎన్నేళ్ళ నుంచి చెబుతోందో.

నెల్లిమర్ల_ఫిజియో
అది కంటి లోపం కాదు. తల కదిలినప్పుడు కళ్ళని ఎదురు దిశకి తిప్పి చూపు నిలబెట్టేది చెవి లోపలి భాగం. అది పనిచెయ్యకపోతే నడకలో లోకం ఊగుతుంది. న్యూరాలజిస్టు తలని చటుక్కున పక్కకి తిప్పి కళ్ళు చూసేది అందుకే. కళ్ళు తలతోపాటు పక్కకి వెళ్ళిపోయి, ఒక్క గెంతులో మళ్ళీ వెనక్కి వస్తే పరీక్ష తేడా ఉన్నట్టు. 1988లో సిడ్నీ పరిశోధకులిద్దరు రాసిన పరీక్ష అది, యంత్రం అక్కర్లేదు, రెండు చేతులు చాలు. దయచేసి ఇంట్లో మీరు చెయ్యకండి, మెడ అరిగినవాళ్ళకి ప్రమాదం.

మనిషి నిలబడాలంటే మూడు ఆధారాలు: అరికాలి స్పర్శ, చెవిలో తూకం, కంటి చూపు. మీ అమ్మగారికి మొదటి రెండూ పోయి ఉండొచ్చు. మిగిలింది చూపొక్కటే. తలంటుకుంటూ కళ్ళు మూసుకోగానే ఆ ఒక్కటీ పోయింది, అందుకే పడిపోయారు. వెంటనే చెయ్యాల్సినవి: స్నానం ఎప్పుడూ పీట మీద కూర్చునే, తలంటు ఇంకొకరు పొయ్యాలి. రాత్రంతా మంచం నుంచి బాత్రూం దాకా, పెరటి తలుపు దాకా లైటుండాలి, కరెంటు పోతే వెలిగే బల్బులు దొరుకుతున్నాయి. వేడినీళ్ళు చేత్తో కాదు, ఇంకొకరు చూసి ఇవ్వాలి. వట్టికాళ్ళతో బయటికి వద్దు. కర్ర పట్టుకోమనండి, కర్ర ఊతానికే కాదు, నేల ఎక్కడుందో చేతికి కబురు చెప్పడానికి.

టెక్కలి_కుర్రోడు
బి12 అని తేలిగ్గా అనేసాను, ఏమీ అనుకోకన్నా. నాకు ఈ దగ్గు సంగతి ఇవాళే తెలిసింది.

వైజాగు_ఎమ్మారై
బుర్ర ఎంఆర్‌ఐ నార్మలొస్తే ఈ కాన్వాస్ కాదనే కదా? చిన్నమెదడు కుంచించుకోవాలి కదా.

బొబ్బిలి_వీణమ్మ
కాదు బాబూ. నాకు 2017లో తీసిన ఎంఆర్‌ఐ నార్మలని రాసిచ్చేరు. 2022లో మళ్ళీ తీస్తే చిన్నమెదడు నడిమధ్య భాగం తగ్గిందని రాసేరు. ఆ మధ్య ఐదేళ్ళూ నాకు జబ్బు లేదా? కళ్ళు మూసుకుంటే నిలబడలేకపోయేదాన్ని. మొదటి ఎంఆర్‌ఐ కాగితం చేతిలో పట్టుకుని "నీకేం లేదమ్మా, మనసుకి సంబంధించింది" అన్నవాళ్ళున్నారు. అందుకే ఈ ఒక్క వాక్యం మీద ఇంత గట్టిగా చెబుతున్నాను.

స్కాను_గది
వీణమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. మొదట్లో ఎంఆర్‌ఐ మామూలుగా ఉండొచ్చు. నరాల సన్నదనం గురించి కూడా కొత్తగా తెలిసిందే. న్యూజీలాండ్ డాక్టర్లు 2018లో కాన్వాస్ ఉన్నవాళ్ళ నరాలు కొలిచి, ఆరోగ్యవంతుల నరాలతో పక్కపక్కన పెట్టి చూసి, బాగా చిన్నవని రాసారు. మామూలు నరాల జబ్బుల్లో నరం మామూలుగానో లావుగానో ఉంటుంది కాబట్టి, ఈ సన్నదనం చూస్తే దెబ్బ గాంగ్లియన్ దగ్గర అని అనుమానించొచ్చు. అయితే సన్ననరం అంటే కాన్వాసే అని కాదు. గాంగ్లియన్లని పాడుచేసేవి ఇంకా ఉన్నాయి, నోరు, కళ్ళు ఎండిపోయేలా చేసే షోగ్రెన్ అనే జబ్బుంది, కొన్ని క్యాన్సర్ మందులున్నాయి, బి6 మాత్రలు అతిగా మింగడం ఉంది. అమ్మగారు బలానికని ఏవైనా మాత్రలు ఏళ్ళ తరబడి వాడుతున్నారా?

వంశధార_గట్టు
లేదండీ. దగ్గు టానిక్కులు తప్ప. నోరు, కళ్ళు ఎండిపోవడం కూడా లేదు. ఆ రక్తపరీక్ష కూడా రాసేరు, నెగెటివొచ్చింది.

జన్యు పరీక్షకి మా తమ్ముడు హైదరాబాదులో కనుక్కుంటే 'ఎక్సోమ్' అని ఒకటుంది, అన్ని జన్యువులూ ఒకేసారి చూసేస్తారు అన్నారట. అది చేయించమంటారా?

బొబ్బిలి_వీణమ్మ
ఆగు తమ్ముడూ, ఆ డబ్బు నేను పోగొట్టుకున్నాను. ఎక్సోమ్‌లో నాకేమీ దొరకలేదని కాగితమొచ్చింది. ఏడాదిన్నర అదే పట్టుకుని తిరిగాను. ఈ జబ్బు అచ్చుతప్పు లాంటిది కాదు. ఈ జన్యువులో ఏఏఏఏజీ అని ఐదు డీఎన్‌ఏ అక్షరాల ముక్క మామూలు నమూనాలో పదకొండు సార్లుంటుంది. జబ్బున్నవాళ్ళకి చాలావరకు అక్కడ ఏఏజీజీజీ అనే వేరే ముక్క నాలుగు వందల నుంచి రెండు వేల సార్లు వరసగా ఉంటుంది. అది జన్యువులో ప్రొటీన్ రాయని భాగంలో ఉంది, ఎక్సోమ్ ఆ భాగం సరిగా చదవదు. దీనికి విడిగా పీసీఆర్ చెయ్యాలి. ల్యాబుకి ముందే ఫోను చేసి "ఆర్‌ఎఫ్‌సీ1 రిపీట్ పరీక్ష చేస్తారా, రిపీట్ ప్రైమ్డ్ పీసీఆర్ చేస్తారా" అని అడుగు. చేస్తామంటేనే రక్తం పంపు.

లెక్కల_మాస్టారు_రాజాం
జన్యువంటే తల్లి నుంచి వస్తుందా, తండ్రి నుంచా? ఈ అబ్బాయికి వస్తుందా?

బొబ్బిలి_వీణమ్మ
ఇద్దరి నుంచీ రావాలి మాస్టారూ. ఒక్కరి నుంచి వస్తే మామూలుగా జబ్బు రాదు, మోసేవాళ్ళవుతారు అంతే. మా అమ్మ, నాన్న మేనరికం. ఇద్దరి దగ్గరా అదే పాత ముక్క ఉంది. మేం నలుగురం, అన్నయ్యకీ నాకూ వచ్చింది.

పైడితల్లి_బిడ్డ
మళ్ళీ మేనరికం మీద పడ్డారా! మా ఇంట్లో నాలుగు తరాలుగా మేనరికాలే, ఒక్కరికీ ఏ జబ్బూ లేదు. ప్రతిదానికీ మన ఆచారాల్ని తప్పు పట్టడం అలవాటైపోయింది.

బొబ్బిలి_వీణమ్మ
నేను మా అమ్మానాన్నల్ని ఒక్క మాట అనలేదమ్మా. వాళ్ళు నన్ను ప్రాణంగా చూసుకున్నారు. ఈ ముక్క మోసేవాళ్ళు బయట కూడా చాలామందే ఉంటారట, యూరప్‌లో లెక్కేస్తే వందకి కొందరు తేలారు. వాళ్ళలో మేనరికాలు లేవు, అయినా జబ్బుంది. ఒకే తాత ముత్తాతలైతే ఇద్దరి దగ్గరా అదే ముక్క ఉండే అవకాశం పెరుగుతుంది. అంతవరకే నేనన్నది.

పైడితల్లి_బిడ్డ
సరే. మాట తొందరపడ్డాను. మీ ఆరోగ్యం జాగ్రత్తమ్మా.

వంశధార_గట్టు
ఇది రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించేను. అమ్మమ్మ తాతయ్యలది మేనరికం. నాదీ మేనరికమే. నా భార్య మా మేనమామ కూతురు, అంటే అమ్మ సొంత తమ్ముడి కూతురు. మాకు ఇద్దరు పిల్లలు, ఏడేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు.

లెక్కల_మాస్టారు_రాజాం
బాబూ, భయపడకు, ఒక్కో మెట్టూ చూద్దాం. మీ అమ్మకి జబ్బు రుజువైతే ఆవిడ దగ్గర రెండూ చెడ్డ కాపీలే. కాబట్టి నువ్వు తప్పకుండా ఒకటి మోస్తున్నావు. మీ మామయ్యకి జబ్బు లేకపోతే, మోసే అవకాశం మూడింట రెండు. ఆయన మోస్తుంటే కూతురికి ఇచ్చే అవకాశం సగం. అంటే మీ ఆవిడ మోసే అవకాశం మూడింట ఒకటి. మీరిద్దరూ మోస్తే ఒక్కో బిడ్డకి నాలుగింట ఒకటి. అన్నీ గుణిస్తే ఒక్కో బిడ్డకి పన్నెండింట ఒకటి. పన్నెండింట పదకొండు నీ వైపే ఉన్నాయి. వీణమ్మ గారూ, లెక్క సరేనా?

స్కాను_గది
మాస్టారూ, లెక్క సరిగ్గా ఉంది. ముఖ్యమైన షరతు ఒకటుంది, మామయ్యకి జబ్బు లేదన్నది నిజమవ్వాలి. ఆయన వయసెంత? నడకెలా ఉంది?

వంశధార_గట్టు
మామయ్యకి 54. నడక బాగానే ఉంది, పలాస జీడిపప్పు బట్టీలో పనిచేస్తాడు, సైకిలు తొక్కుతాడు. దగ్గు మాత్రం ఉంది. జీడిపొగ వల్లనుకునేవాళ్ళం. పొగలేని చోటికి మారి ఆరేళ్ళయింది. దగ్గు పోలేదు.

బొబ్బిలి_వీణమ్మ
తమ్ముడూ. పొగదగ్గు కూడా అయ్యుండొచ్చు. దగ్గున్న ప్రతి మనిషికీ ఈ జబ్బు ఉండదు. ఊరికే ఊహించుకోకు. కానీ చూపించాలి. ముందు అమ్మ పరీక్ష రానీ. అందులో లేదంటే ఇదంతా వదిలీయొచ్చు. ఉందంటే మామయ్యని తీసుకెళ్ళు.

నెల్లిమర్ల_ఫిజియో
పిల్లలకి మాత్రం ఇప్పుడు పరీక్ష చేయించకండి. పెద్దయ్యాక వచ్చే జబ్బు, ముందే తెలిస్తే వాడే మందు లేదు. వాళ్ళు పెరిగాక తెలుసుకోవాలో వద్దో వాళ్ళే తేల్చుకోవాలి. జన్యు సలహా ఇచ్చే ఏ డాక్టరైనా ఇదే చెబుతారు.

కవిటి_కొబ్బరి
అన్నా, ఒకటి. అమ్మకి సదరం సర్టిఫికెట్ పెట్టండి. నలభై శాతం వస్తే పింఛను నెలకి 6000. దీర్ఘకాలిక నరాల జబ్బులు 2016 వికలాంగుల చట్టంలో ఉన్నాయి. బలం ఉంది కదా అని క్యాంపులో తిప్పి పంపీగలరు, కరెంటు పరీక్ష కాగితం, న్యూరాలజిస్టు రాసింది తప్పకుండా పట్టుకెళ్ళండి. మా నాన్న డయాలసిస్ కాగితాలతో నాలుగుసార్లు తిరిగేను, ఆ తోవ నాకు తెలుసు. ఏ కాగితం కావాలన్నా అడగండి.

పార్వతీపురం_పాదం
సర్టిఫికెట్‌కి నడిపించి చూస్తారు. వెలుతురులో, కళ్ళు తెరిచి నడిస్తే బాగానే నడుస్తారు. "కళ్ళు మూయించి చూడండి" అని అడగడానికి మొహమాటపడకండి. పక్కన ఇద్దరు నిలబడండి, పడిపోకుండా.

వంశధార_గట్టు
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. అమ్మ రిపోర్టు వచ్చింది. రెండు కాపీల్లోనూ ఏఏజీజీజీ ఉంది. న్యూరాలజిస్టు ఈసారి అరగంట కూర్చోబెట్టి చెప్పేరు. నయం చేసే మందు లేదన్నారు. మెల్లగా నడిచే జబ్బనీ, పడకుండా చూసుకోవడమే మన చేతిలో ఉందనీ అన్నారు. దగ్గుకి గాబాపెంటిన్ మొదలుపెట్టేరు, కాస్త తగ్గింది. రాత్రి నిద్రపోతోంది.

అమ్మకి చెబితే ఏడవలేదు. "అయితే నేను పేచీ పెట్టలేదన్నమాట" అంది. ఆ మాట విని నేను బయటికి వెళ్ళిపోయేను.

నా భార్యకి కూడా అంతా చెప్పేను. ఇక్కడ రాసినవన్నీ చదివి వినిపించేను. పిల్లల సంగతి తర్వాత, ముందు మా నాన్నని చూపిద్దాం అంది. మామయ్య రానంటే రానన్నాడు, నాకేటైంది సైకిలు తొక్కుతున్నాను అన్నాడు. చివరికి అమ్మే ఫోను చేసి "ఒరే, నాకు నువ్వు తోడు రావాలి, ఒంటరిగా వెళ్ళలేను" అంది. అక్క కోసమని బయల్దేరుతున్నాడు. మంగళవారం విశాఖ వెళ్తున్నాం.

స్కాను_గది గారూ, మామయ్య నరాలు కూడా కొలిపించాలంటే ఏయే చోట్ల కొలవమని అడగాలి? స్కానింగు గదిలో మళ్ళీ 'వాపు లేదు' అని రాసిస్తారేమోనని భయం.

స్కాను_గది
మీడియన్: మణికట్టు, ముంజేయి మధ్య, మోచేతి పైన దండ మధ్య. అల్నార్: మణికట్టు, ముంజేయి మధ్య, దండ మధ్య. టిబియల్: చీలమండ లోపలివైపు. సూరల్: పిక్క కింద. అన్నీ రెండు వైపులా, ప్రతి చోటా అంకె రాయమనండి, ఉత్తి 'నార్మల్' వద్దు. అమ్మగారి రిపోర్టు పట్టుకెళ్ళి అదే యంత్రం మీద చేయించండి, పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. ఇంకా నడక బాగుంది కాబట్టి కొలత మామూలుగా వచ్చినా జన్యు పరీక్ష మానకండి. కరెంటు పరీక్షలో స్పర్శ నరాలు కూడా చూడమనండి.

బొబ్బిలి_వీణమ్మ
రైల్లో వెళ్తే కింద బెర్తు చూసుకో. మెట్లు దిగేటప్పుడు అమ్మని నువ్వు వెనకనుంచి పట్టుకోకు, ముందు దిగి ఎదురుగా నిలబడు. నీ మొహం చూస్తూ దిగుతుంది.

వంశధార_గట్టు
అలాగే అక్కా.